సోమిని ఎవరూ అడగలేదు

కొంటా బస్‌స్టాండ్ పక్కన చిన్నారావు హోటల్లో ఆ ఏడాది చాయ్ కంటే ఎక్కువ ఖర్చయింది నంద హత్య కేసే. అక్కడ బెంచీల మీద కూర్చునేవాళ్ళలో ఒక్కరూ దంతెవాడ కోర్టు మెట్టెక్కిన పాపాన పోలేదు. అయినా ముద్దాయి బాబూరావు తరఫున జగదల్‌పూర్ నుంచి వచ్చే వకీలు మనసులో ఏముందో వాళ్ళందరికీ తెలుసు. ఆ వకీలుకైనా తెలుసో లేదో గానీ, వీళ్ళకు మాత్రం తెలుసు.

"నంద తాగి రాయి మీద పడి సచ్చిండని చెప్తడు సూడు."

"రాయి మీద పడితే మెడ మీద గొడ్డలి గాటు ఎట్ల పడుద్దిరా?"

"అయితే బాబూరావు ఆ పొద్దు భద్రాచలం ఆస్పత్రిల ఉన్నడని చెప్తడు. చిట్టీ గూడ తెచ్చిండంట."

చిన్నారావు పాలగిన్నె దించి, అందరి మాటలూ అయ్యాక తన మాట పెట్టేవాడు. హోటల్ యజమాని కదా, ఆఖరి మాట ఆయనదే. "అవేం కావు. ఆ వకీలు మామూలోడు కాదు. కేసంతా పెళ్ళాం మీద పెడ్తడు. దానికీ బాబూరావుకీ నడిచిందని, అదే పిలిచి మొగుణ్ణి ఏయించిందని చెప్తడు. అప్పుడు జడ్జి ఏం జేస్తడు?"

ఆ పెళ్ళాం అక్కడే ఉంది. రోడ్డు వారన చింతపండు గంప ముందు పెట్టుకుని కూర్చుంది. పేరు సోమి. ఆమె వినేలా మాట్లాడుతూ ఆమెను చూడనట్టు ఉండడంలో ఆ హోటల్లో అందరూ ఆరితేరినవాళ్ళే. మొదట్లో అందరూ 'చెప్తడు' అనేవారు. ఎండలు ముదిరేసరికి 'చెప్పిండంట' అన్నారు. వానలు పడేసరికి వకీలు ఊసే ఎగిరిపోయింది. బాబూరావుతో సోమికి నడిచిందన్న మాట ఒక్కటే మిగిలింది. కోర్టులో ఇంకా ఎవరూ నోరు తెరవనే లేదు.

సోమిది శబరి ఒడ్డున ఉన్న ఇప్పలగూడెం. ఇంట్లో దోర్లీ, సంతలో తెలుగు, ఆఫీసుల్లో వచ్చీ రాని హిందీ మాట్లాడుతుంది. కాసింత వరిచేను ఉంది. అది తిండికి సరిపోదు కాబట్టి ఇప్పపువ్వు ఏరుతుంది, తునికాకు కోస్తుంది, చింతపండు కొట్టి గింజ తీసి సంతకు తెస్తుంది. పిల్లలు లేరు. నంద ఉన్నన్నాళ్ళూ ఆ లోటు పెద్దగా తెలియలేదు. ఆయన ఇంట్లో ఉంటే ఇల్లు నిండుగా ఉండేది. మాటకు ముందు నవ్వు, నవ్వుకు ముందు పాట. కోడిపుంజును చంకలో పెట్టుకుని పందేనికి పోతుంటే సోమి తిట్టేది, అత్త సన్నే దీవించేది. ఇప్పుడు ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పొయ్యి, అంతే. ఊళ్ళో సోమితో కలిసి తినే మనిషి ఆ ముసలిదొక్కతే.

జరిగింది ఇదీ. బాబూరావు ఊరూరా తిరిగి కోళ్ళూ చింతపండూ కొనే షావుకారు. నంద ఇంట్లో ఉన్నప్పుడు రెండు మూడు సార్లు ఇంటికి వచ్చాడు. ఒకనాడు నంద అడవికి పోయాక మిట్టమధ్యాహ్నం వచ్చాడు. సోమి చింతపండు కొడుతోంది. తూకం మాట మాట్లాడుతూనే చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చేతిలోని కొట్టుడుకర్ర ఎత్తి, గొంతు చించుకుని అరిచింది. బాబూరావు మోటార్‌సైకిల్ ఎక్కి పరారయ్యాడు. సాయంత్రం నంద రాగానే చెప్పింది. నంద అంతా విని, కాళ్ళు కడుక్కుని వచ్చాడు. తర్వాత, "ఊళ్ళె ఎవరితో అనకు. వాణ్ణి నేనే మొకం మీద అడుగుత" అన్నాడు. పందెం రోజున బాబూరావును పక్కకు పిలిచి ఏటి దారికేసి తీసుకుపోవడం నలుగురు చూశారు. ఏం అడిగాడో మాత్రం ఎవరూ వినలేదు. తెల్లవారి ఆ దారిలోనే నంద శవం దొరికింది.

ఇంత ఉంటే సోమి నోరు విప్పి ఎందుకు చెప్పలేదని చదివేవాళ్ళు విసుక్కోవచ్చు. విసుక్కునే ముందు ఆ ఊరి కట్టు ఒకటి తెలుసుకోవాలి. ఇప్పలగూడెంలో పంచాయతీ కూర్చుంటే, నింద పడిన మనిషి మధ్యలో కూర్చుని ఊరుకోవాలి. ఎవరైనా ముఖం మీద ప్రశ్న వేశాకే నోరు తెరవాలి. అడగకముందే చెప్పుకునేవాడి కడుపులో ఏదో ఉందని లెక్క. కానీ అడగడం మాత్రం ఎవరూ ఎగ్గొట్టరు. పిల్లా పెద్దా ఎవరైనా అడగొచ్చు. అడిగేవాళ్ళ దగ్గర ప్రశ్నలు అయిపోయేదాకా పంచాయతీ లేవదు. సోమి పుట్టింది, పెరిగింది, కాపురం చేసింది ఆ కట్టులోనే. న్యాయం అంటే అడగడమూ చెప్పడమూ అనే ఆమెకు తెలుసు.

అందుకే పోలీసు థానాలో తనను అడిగినవాటికే ఆమె జవాబు చెప్పింది. నీ మొగుడేనా? అవును. ఎప్పుడు పోయాడు? పొద్దున. ఈ తువ్వాలు ఎవరిది? ఆయనదే. ఇంకేం అడగలేదు కాబట్టి ఇంకేం చెప్పలేదు. మొగుడు పోయిన దుఃఖంలో అడిగిన మాటే సరిగా వినిపించలేదు, అడగని మాట ఎక్కడ గుర్తొస్తుంది?

సర్కారు వకీలు భానుప్రసాద్‌కు మాత్రం తర్వాత చెప్పింది. కిరండూల్‌లో స్థిరపడిన ఆంధ్రా వాళ్ళ అబ్బాయి. ఆయన తెలుగులోనే అడిగేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చి మొత్తం చెప్పేసింది. ఆయన తల పట్టుకున్నాడు. "అయ్యో, నువ్వు థానాలో రాయించిన బయానులో ఇది లేదు కదమ్మా. ఇప్పుడు నా అంతట నేను చెప్పిస్తే కొత్తగా కల్పించారంటారు. చూడమ్మా, అవతలి వకీలు నిన్ను తప్పకుండా ఎగేసుకుని అడుగుతాడు. వాడు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్. అప్పుడు వాడి నోటితోనే వాడి ముద్దాయిని ఇరికించినట్టవుతుంది."

అడుగుతాడు. ఆ మాట పట్టుకుని సోమి ఇంటికి వచ్చింది.

ఊరి పెద్ద సీతారాములు కూడా అదే అన్నాడు. థానాకు పోయిన తగాదా మీద ఊరు పంచాయతీ కూర్చోదు. "కోర్టుల నిన్ను ప్రమాణం పెట్టి అడుగుతరు గదనే సోమీ. అక్కడ ఏం చెప్తవో అదే మాకూ మాట. అప్పటిదాంక పంక్తిల కూసోకు, మంచిగుండదు" అన్నాడు. మెత్తగానే అన్నాడు. మెత్తగా అన్న మాట కాబట్టి ఎదురు చెప్పడానికీ లేదు. ఆనాటి నుంచి కొత్త పంట తినే పండుగల్లో, పెళ్ళిలో, చావులో ఊరంతా వరసగా కూర్చుంటే సోమి విస్తరాకు వేరుగా, పశువుల కొట్టం పక్కన పడేది. సన్నే తన విస్తరాకు పట్టుకుని వచ్చి ఆమె పక్కన కూర్చునేది. ఓదార్పు మాట ఒక్కటీ అనేది కాదు. తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయేది. సోమికి అదే పదివేలు.

ఏడాదంతా ఆమె జవాబు తయారు చేసుకుంది. చింతపండు కొడుతూ, ఏటి దగ్గర బిందె తోముతూ, అడవిలో ఆకు కోస్తూ లోలోపల చెప్పుకునేది. వకీలు ఎంత కటువుగా అడుగుతాడో ఊహించుకునేది. 'నీకూ బాబూరావుకూ ఏంది సంబంధం?' అని గద్దిస్తాడు. అప్పుడు తను తల దించకుండా మొదటి నుంచి చెప్తుంది. అందరూ ఆ వకీలును తలుచుకుని ఆమె మీద జాలో కోపమో పడుతుంటే, ఆమె మాత్రం వాడి కోసం ఎదురుచూసింది. లోకంలో ఆ ప్రశ్న వేసే మనిషి వాడొక్కడే మరి.

సాక్ష్యం చెప్పమని గవాహీకి పిలుపు వచ్చిన రోజున, ఆ వైపు ఆడవాళ్ళు మామూలుగా కట్టే తెల్లచీరే కట్టుకుని బస్సెక్కింది. సుక్మా దాకా ఒక బస్సు, అక్కడ మారి ఇంకో బస్సు. దోర్నపాల్‌లో గాజుల మలారం మోసుకుంటూ ఒకావిడ ఎక్కి పక్కన కూర్చుంది. మాటల మనిషి. దంతెవాడ పోతున్నానని సోమి అనగానే, "అయ్యో, ఇయాల ఆ నంద కేసు ఉందంట గదా!" అని మొదలుపెట్టింది. "ఆ పెళ్ళాం ఉందే, అబ్బో! సోకులాడి అంట. మొగుడు సావంగనే రంగు చీరలంట."

"నువ్వు సూసినవా అక్కా?" అని అడిగింది సోమి.

"నేనెక్కడ సూస్త? అందరూ అంటున్నరు. వకీలు ఇయాల దాన్ని నిలేస్తడంట."

సోమి ఒడిలోంచి చింతపండు ముద్ద తీసి ఆమెకు ఇచ్చింది. ఆమె చప్పరిస్తూ మెచ్చుకుంది. కాస్త ఆగి సోమి అడిగింది. "ఆ మనిషే నీ ఎదురుగ ఉంటే ఏం అడుగుతవక్కా?"

గాజులామె నవ్వింది. "అడిగేదేముందమ్మా, అందరికీ తెలిసిందే గదా!"

దిగేటప్పుడు సోమి చెయ్యి పట్టుకుని చూసి, బోసిగా ఉందని నొచ్చుకుంది. మంచిదే పాపం, ఒక జత మట్టిగాజులు ఊరికే ఇవ్వబోయింది. మొగుడు పోయాడని చెప్పి సోమి వద్దంది. ఎవరి పెళ్ళామో చెప్పలేదు. గాజులామె అడగలేదు.

కోర్టులో అంతా తొందరగా అయిపోయింది. ప్రమాణం చేయించారు. భానుప్రసాద్ తువ్వాలు చూపించాడు, గుర్తుపట్టింది. నంద పందేనికి పోయిన సంగతి అడిగాడు, చెప్పింది. బాబూరావు గోడవారన నిలబడి తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు. ఇక అసలు ఘడియ వచ్చిందని సోమి కొంగు సవరించుకుని, జగదల్‌పూర్ వకీలు వైపు తిరిగింది. ఆయన తెల్లజుట్టు మనిషి, గద్దించే మొహమే కాదు. కాగితాల్లోంచి తలెత్తి ఆమెను ఒకసారి నిదానంగా చూశాడు. సగం లేచి హిందీలో ఏదో అని మళ్ళీ కూర్చున్నాడు. అడగడానికి ఏమీ లేదన్నాడని ఆమెకు అర్థమైంది, కానీ నమ్మబుద్ధి కాలేదు.

"పోమ్మా, అయిపోయింది" అన్నాడు బంట్రోతు.

"ఇంకా ఉంది సార్. ఆయన నన్ను అడగలే."

జడ్జిగారు మర్యాదస్థుడు. వకీలు వైపు మరోసారి చూశాడు. వకీలు చేతులు జోడించి నవ్వాడు. బంట్రోతు సోమిని దించి బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు. పొరపాటు జరిగింది, గుర్తొచ్చి మళ్ళీ పిలుస్తారనుకుంది. ఎవరి పేరు పిలిచినా లేచి నిలబడేది. కోర్టు గదికి తాళం వేసేదాకా అక్కడే కూర్చుంది. ఆ వరండాలో అంతమంది ఉండగా ఆమెకు కలిగిన ఒంటరితనం, నంద శవం పక్కన కూర్చున్నప్పుడు కూడా కలగలేదు.

భానుప్రసాద్ వెళ్తూ వెళ్తూ ఆగాడు. ఆయనకూ ముఖం చెల్లలేదు. "ఆయన ఘటికుడమ్మా. నిన్ను అడిగితే నువ్వు ఉన్నది చెప్తావు. బాబూరావు ఎందుకు చంపాడో అందరికీ తెలిసిపోతుంది. అందుకే అడగలేదు. అడగకపోవడమే ఆయన ఎత్తు."

"మరి నన్నెవరు అడుగుతరు సార్?"

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. బస్సు వేళయిందని గుర్తు చేసి పోయాడు.

కొంటాలో ఆ కబురు ఆమె కంటే ముందే దిగింది. చిన్నారావు హోటల్లో అందరి జోస్యాలూ తప్పాయి. ఎవరైనా సిగ్గుపడ్డారా అంటే, అదేం లేదు. చాయ్ చల్లారేలోగా కొత్త జోస్యం పుట్టింది. "అడగలేదంటే ఏంది అర్థం? రాజీ అయిపోయింది. ఆమే వకీలుకు కబురు పెట్టి ఉంటది, నన్ను కదపకు, నేను నిన్ను కదపనని." చిన్నారావు తల ఊపి, "నేను ముందే చెప్పలేదా" అన్నాడు. ఆయన చెప్పింది వేరే అని ఎవరూ గుర్తు చేయలేదు.

వేసవిలో మామిడి కొత్తలు వచ్చాయి. ముత్యాలమ్మకు పెట్టి, ఊరంతా కలిసి తినేదాకా ఆ ఏటి మామిడికాయ ఎవరూ కొరకరు. గుడి ముందు అడ్డాకుల విస్తర్లు వరసగా పరిచారు. సోమి అలవాటు ప్రకారం కొట్టం వైపు నడుస్తుంటే సీతారాములు పిలిచాడు.

"సోమీ, ఇటు రా. వకీలు నిన్నేమన్న అడిగిండా?"

"అడగలే తాతా."

"మరింకేంది! అంత పెద్ద వకీలే ఒదిలేసినంక మేమెందుకు పట్టుకుంటం? అయిందేదో అయింది. వయసుల తప్పు ఎవరు జెయ్యరు? ఊరు మరిచిపోయింది. వచ్చి పంక్తిల కూసో."

ఆడవాళ్ళు జరిగి చోటు ఇచ్చారు. ఒకామె విస్తరాకు మీద నీళ్ళు కూడా చల్లింది. ఏడాదిగా ఆ చోటు కోసం సోమి ఎంత అలమటించిందో ఆమెకే తెలుసు. కాళ్ళు వాటంతటవే అటు పోబోయాయి. కానీ గుండెలో భగ్గున మండింది. చెయ్యని తప్పును ఊరు ఎంత దయగా క్షమించిందీ!

"నన్ను మాఫ్ చెయ్యకు తాతా. అడుగు. ఇంతమంది ఉన్నరు గదా, ఎవరన్న ఒక్కరు నా మొకం మీద అడగండి."

ఎవరూ అడగలేదు. చెడ్డవాళ్ళయి కాదు. తిండి ముందు గొడవెందుకని కొందరు, ముగిసిపోయిన దాన్ని తవ్వడమెందుకని కొందరు. మిగిలినవాళ్ళకు జవాబు తెలుసనే నమ్మకం. సీతారాములు ఇబ్బందిగా గొంతు సవరించుకుని, వడ్డించమన్నాడు. సోమి కాసేపు నిలబడి, తిరిగి ఇంటికి వచ్చేసింది.

కొద్దిసేపటికి సన్నే వచ్చింది. విస్తరాకులో అన్నం, మామిడికాయ పప్పు మూటగట్టి తెచ్చింది. కోడలి ముందు పెట్టి తాను గడపలో కూలబడింది.

"తిను. పట్టుదల మంచిది కాదు."

"అత్తా, నువ్వన్న అడుగు. నీకు దండం పెడ్త."

ముసలిది వాకిట్లో ఎండకేసి చూసింది. "నేనెందుకు అడుగుత? నాకు తెల్సు. ఆ పొద్దు నువ్వు అరిసినప్పుడు నేను దొడ్డెనక ఉన్న. బాబూరావు బండెక్కి పోవుడు సూసిన."

ఏడాది పాటు పక్కన కూర్చుని తిన్న మనిషికి అంతా తెలుసు! కోపం రావలసింది, రాలేదు. ముందుగా ఏడుపు వచ్చింది. తనను నమ్మేవాళ్ళు ఒకరున్నారు, ఇంట్లోనే ఉన్నారు.

"మరి ఆళ్ళ ముందట ఎందుకు అనలే అత్తా?"

"ఏమని అందు? నా కొడుకుతోని నువ్వు చెప్పినవో లేదో నాకు తెల్వదు. చెప్పలేదనే అనుకుంటున్న. కోడి కాడ కొట్లాడి సచ్చిండనుకుంటున్న. నువ్వు చెప్పినవంటే, చెప్పబట్టే ఆడు అడగ పోయిండు, అడగబట్టే సచ్చిండు. ఆ మాట నీ నోట ఇన్నంక నీ చేతి కూడు నాకు దిగదు బిడ్డా. అందుకే అడగలే. నువ్వూ చెప్పకు. ఇద్దరం ఇట్లనే బతుకుదం."

అన్నం మీద ఈగలు ముసిరాయి. సోమి విస్తరాకు మడిచి పక్కన పెట్టింది. ముసలిది అడిగింది పెద్ద కోరిక కాదు. ఊరికే ఉంటే చాలు, పొయ్యి ఒక్కటే ఉంటుంది, తోడు ఉంటుంది. రేపటి నుంచి పంక్తిలో చోటు కూడా ఉంటుంది. చెప్తే ఒక్కటీ ఉండదు. కానీ ఏడాదిగా లోపల మోసిన మాట ఇక ఒక్క పూట కూడా మోయలేననిపించింది. నంద దేని కోసం పోయాడో ఎవరికీ తెలియకుండా, కోడి పందెం తగాదాలో పోయిన తాగుబోతుగా అతన్ని మట్టిలో ఉంచడం ఆమెకు చేతకాలేదు.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరూ అడగకుండానే సోమి చెప్పింది. కోర్టు కోసం తయారు చేసుకున్నట్టే మొదటి నుంచి చెప్పింది. బాబూరావు రావడం, చెయ్యి పట్టుకోవడం చెప్పింది. ఆ సాయంత్రం మొగుడితో తాను అన్న ప్రతి మాటా చెప్పింది. "నేనే చెప్పిన అత్తా. చెప్పకుంటే ఆయన బతికుండేటోడు. అయినా చెప్పుడు తప్పని నేననుకోను. ఆయన గూడ అనుకోలే. వాణ్ణి మొకం మీద అడుగుతనని పోయిండు. నా మీద అనుమానం పెట్టుకోని పోలే."

సన్నే మధ్యలో లేవలేదు, చెవులు మూసుకోలేదు. అంతా విని, కొంగు నోట్లో కుక్కుకుని, శబ్దం రాకుండా ఏడ్చింది. సోమి దగ్గరకు జరగబోతే చేత్తో వద్దని ఆపింది.

తెల్లవారి ముసలిది రెండు చీరలు మూట కట్టింది. దోర్నపాల్‌లో కూతురుంది, అక్కడికి పోతానంది. సోమి మూట అందుకోబోయింది, ఇవ్వలేదు. రోడ్డు దాకా వెనకే నడిచింది. జీపు వచ్చి ఆగింది.

ఎక్కేముందు సన్నే వెనక్కి తిరిగి కోడలి ముఖంలోకి సూటిగా చూసింది. "నువ్వు ఒక్క ముక్క అబద్ధం ఆడలే. నాకు తెల్సు. అందుకే ఉండలేకపోతున్న" అంది.

జీపు దుమ్ము లేపుకుంటూ సాగింది. సోమి రోడ్డు మీద నిలబడి చూసింది. ఆ ఊళ్ళో ఆమె మాటను నమ్మిన ఒకే ఒక్క మనిషి మలుపు తిరిగి వెళ్ళిపోయింది.